రోలు బొమ్మ మీద గింజలు

రెండు వేల ఇరవై నాలుగు, అక్టోబరు నెల. స్టుట్‌గార్ట్‌లో మా ఆఫీసు ఒక పాత భవనం మూడో అంతస్తులో ఉంటుంది. కింద సైకిళ్ళు బాగుచేసే షాపు, పైన మేము. మాది చిన్న ఫెరైన్. ఫెరైన్ అంటే ఇక్కడ సభ్యులు చందాలు వేసుకొని నడుపుకునే సంఘం. ఆఫ్రికాలో రెండు మూడు దేశాల ఆడవాళ్ళ సంఘాలకు మేము సాయం చేస్తాం. అందులో నా ఉద్యోగం ఫెసిలిటేటర్. పేరు పెద్దదే గాని పని చెప్పడం తేలిక. నలుగురు కూర్చున్న చోట నలుగురి చేతా మాట్లాడించాలి. మాట్లాడని మనిషి మనసులో ఏముందో ఆమె నోటితోనే బయటికి రావాలి.

ఈ పని నేను సంగారెడ్డి పక్కన మా ఊరి పొదుపు సంఘంలో నేర్చుకున్నాను. అక్షరాలు కూడా అక్కడే వచ్చాయి. ముప్పై నాలుగేళ్ళ వయసులో సంఘం వాళ్ళు పెట్టిన బడిలో పలక పట్టాను. తర్వాత వేరే జిల్లాలకు, వేరే రాష్ట్రాలకు పోయి కొత్త సంఘాలు పెట్టించాను. మా ఆయన మల్లేశానికి ఇక్కడ ఒక ఇండియన్ రెస్టారెంట్‌లో వంటపని దొరికాక, వీసా కోసం జర్మన్ పరీక్ష రాయాల్సి వచ్చి మళ్ళీ మొదటి నుంచి అక్షరాలు దిద్దాను. ఈ ఆఫీసుకు మొదట ఊడ్చి తుడిచే పనికే వచ్చాను. ఒకరోజు మాటల మధ్య సంఘాల సంగతి ఎత్తితే మా అధ్యక్షురాలు బిర్గిట్ కుర్చీ లాక్కొని కూర్చుని సాయంత్రం దాకా విన్నది. ఏడాది తర్వాత ఈ ఉద్యోగం ఇచ్చింది.

ఎక్కడో ఉన్న ఊరికి ఏం కావాలో ఇక్కడ కూర్చుని మీకెలా తెలుస్తుందని మన తెలుగువాళ్ళు చాలామంది నన్ను అడుగుతుంటారు. తెలియదు. తెలియదు కాబట్టే రాంకింగ్ అనే పద్ధతి ఉంది. ఊరివాళ్ళ చేతనే వాళ్ళ అవసరాలకు వరస పెట్టించడాన్ని రాంకింగ్ అంటాం. చదువురాని వాళ్ళుంటారు కనుక రాతలుండవు, బొమ్మల కార్డులుంటాయి. కార్డులు నేల మీద పరిచి, ప్రతి మనిషికీ సమానంగా గింజలు పంచుతాం. ఎవరికి ఏది ముఖ్యమో వాళ్ళు దాని మీద వేస్తారు. ఊరి పెద్ద భార్యకూ అన్ని గింజలే, కూలికి పోయే ఆమెకూ అన్ని గింజలే. గొంతు పెద్దదైతే గింజలు ఎక్కువ రావు. అందుకే నాకు ఈ పద్ధతి అంటే ప్రాణం.

దీంట్లో ఒక నియమం ఉంది. కార్డు మీద వస్తువు గీయకూడదు, కష్టం గీయాలి. ట్రాక్టరు బొమ్మ పెడితే చూసిన ప్రతివాళ్ళకూ ట్రాక్టరు కావాలనిపిస్తుంది. ఎండలో నాగలి పట్టిన మనిషిని గీస్తే ఆ కష్టం తనకు ఉందా లేదా అని ఎవరికి వారు చూసుకుంటారు. మా సంఘాల్లో అట్లాగే చేసేవాళ్ళం. నమీబియాకు పంపిన కార్డులు కూడా అట్లాగే చేశాం.

నమీబియా ఆఫ్రికాకు నైరుతి మూలన ఉన్న దేశం. దాని ఉత్తరాన ఇసుక నేలల్లో, దూరం దూరం విసిరేసినట్టుండే ఇళ్ళ ఊళ్ళో మేము చాలా ఏళ్ళుగా సాయం చేస్తున్న ఆడవాళ్ళ సంఘం ఉంది. ఆ ఏడు బిర్గిట్ మమ్మల్ని కూర్చోబెట్టి ఒక సంగతి చెప్పింది. నమీబియా లెక్కల్లో మధ్య ఆదాయ దేశం. వజ్రాలున్నాయి, గనులున్నాయి, చేపలున్నాయి. దేశం సంపాదననంతా తలకింత అని పంచి చూస్తే పేద దేశం అనిపించదు. సాయం ముందు అంతకన్నా లేని దేశాలకు పోవాలని ఇక్కడి సర్కారు ప్రాధాన్యాలు మారుతున్నాయి. మేము పోగుచేసిన చందాకు సర్కారు తన వంతు కలపడాన్ని కో-ఫండింగ్ అంటారు. ఆ ఊరి పనికి అది ఇక రాదు. మిగిలినవి మా చందాలే. వాటితో అక్కడ ఒక్క పని చేయగలం. అదే ఆఖరుది.

అందరికన్నా లేనివాళ్ళకు ముందు పెట్టాలనే మాట నేనూ కాదనను. కాని తలకింత అని పంచేది కాగితం మీదే. వజ్రం వాటా ఆ ఇసుక నేల దాకా నడిచి రాలేదు. ఇక ఆ ఒక్క పని ఏదో తేల్చాలి. తప్పుదారిన పోతే దిద్దుకోవడానికి ఇంకో ఏడు ఉండదు.

మూడు కార్డులు చేశాం. బొమ్మలు బిర్గిట్ వేసింది, ఎలా ఉండాలో నేను చెప్పాను. మొదటిది నెత్తిన బకెట్ పెట్టుకొని నడుస్తున్న ఆడమనిషి. దాని అర్థం దగ్గరలో నీళ్ళ కుళాయి. రెండోది పెట్టె పట్టుకొని దూరం పోతున్న ఆడపిల్ల. ఆ ఊళ్ళో బడి ఏడో తరగతితో ఆగిపోతుంది, తర్వాత పిల్లలు ఎక్కడో పట్నంలో ఇరుకు హాస్టళ్ళలో ఉండి చదవాలి. కాబట్టి ఆ కార్డు అర్థం మంచి హాస్టలు. మూడోది రోట్లో దంచుతున్న ఆడమనిషి, ఎదురుగా రెండో రోకలి పట్టుకున్న పిల్ల. దాని అర్థం గిర్ని, అంటే పిండిమర.

కార్డులు పోస్టులో పంపాం. అక్కడ రాంకింగ్ నడిపించింది సెల్మా. ఆ సంఘానికి ఆమే కార్యదర్శి, మాకూ వాళ్ళకూ మధ్య మాట మోసేది కూడా ఆమే. వారానికి ఫొటోలు వచ్చాయి. రోలు బొమ్మ గింజల కింద సగం కనపడటం లేదు. నీళ్ళ బొమ్మ మీద కొన్ని ఉన్నాయి. పెట్టె పట్టుకున్న పిల్ల మీద దాదాపు ఏమీ లేవు.

రోలు సంగతి చూసి నాకు సంతోషమైంది. మా అమ్మ జొన్నలు దంచీ దంచీ భుజం పడిపోయి, తల దువ్వుకోవడానికి చెయ్యి పైకి లేచేది కాదు. మా ఊరికి గిర్ని వచ్చిన రోజు ఆడవాళ్ళంతా వంతు లేకపోయినా పోయి దాని ముందు నిలబడ్డారు. ఆశ్చర్యం వేసింది మాత్రం హాస్టలు సంగతికి. నా బిడ్డ శిరీషను అయిదో తరగతిలోనే గురుకులంలో వేశాను. అక్కడ చదివింది కాబట్టే ఇప్పుడు మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చేస్తున్నది. హాస్టలు వద్దనే తల్లులు ఉంటారా అనుకున్నాను. అనుకున్నానే గాని గింజలు చెప్పాయి కదా అని ఊరుకున్నాను.

అక్టోబరులో సెల్మా ఒప్పందం మీద సంతకం పెట్టడానికి వచ్చింది. హోటలు ఎందుకని మా ఇంట్లోనే దింపుకున్నాను. మేముండేది ఊరి బయట, ఎస్-బాన్ రైలు చివరి స్టేషన్లకు దగ్గర. ఆమె నలభై ఏడు నలభై ఎనిమిదేళ్ళ మనిషి, పొడుగ్గా, నెమ్మదిగా ఉంది. వాళ్ళ దగ్గర పెద్ద ఆడవాళ్ళను గౌరవంగా మెమె అని పిలుస్తారు. అమ్మ అని అర్థం. మెమె సెల్మా. స్టేషన్ నుంచి తీసుకొచ్చేసరికి మల్లేశం వంటింట్లో ఉన్నాడు.

"ఎవలొచ్చిండ్రు?" అని లోపల్నుంచి అడిగాడు.

"మెమె వచ్చింది" అన్నాను.

"మేమే అంటే ఎవలే? మనం ఉన్నదే ఇద్దరం. నువ్వు ఆడ, నేనీడ. మల్ల మేమెవలం?"

ఆ మాట జర్మన్‌లో చెప్పడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మన భాషలో మేమే అంటే మేము తప్ప వేరెవరూ కాదు అని. సెల్మా సంచి కింద పెట్టి, గోడకు ఆనుకొని నవ్వింది. ఆ తర్వాత ఆ రెండు రోజులూ మా ఆయనకు అదే ఆట. "మేమే, ఇంకో రొట్టె తినుండ్రి. మేమే తినకపోతే మల్ల ఎవలు తింటరు?" అనేవాడు. అర్థం కాకపోయినా ఆమె ప్లేటు ముందుకు జరిపేది.

ఆమె మాకోసం ఒక గుడ్డసంచిలో పిండి తెచ్చింది. మహాంగు అని, వాళ్ళ ఊళ్ళో పండే గింజ, సంఘం ఆడవాళ్ళు దంచి పంపారట. మూట విప్పగానే వాసన వచ్చింది. చిటికెడు నోట్లో వేసుకున్నాను. సజ్జలు. మేము తిని పెరిగిన సజ్జలు. సెల్మా అది సంకటిలా వండుకుంటామని చెప్పింది. నేను వేడినీళ్ళు పోసి పిండి కలిపి, రొట్టె తట్టాను. ఆమె నా పక్కన నిలబడి, తెలిసిన మనిషిని తెలియని ఊళ్ళో చూసినట్టు ఆ రొట్టెను చూసింది.

ఆమె జర్మన్ నాకన్నా ఎంతో బాగుంటుంది. బాగుండటమే కాదు, తూర్పు జర్మనీ యాస. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, రొట్టె తింటూ మామూలుగా చెప్పింది. ఆమె పుట్టినప్పుడు వాళ్ళ దేశంలో స్వాతంత్ర్య పోరాటం నడుస్తోంది. వాళ్ళమ్మ పక్క దేశంలో శరణార్థుల శిబిరంలో ఉండేది. శిబిరాల మీద బాంబులు పడేవి. అప్పుడు తూర్పు జర్మనీ ప్రభుత్వం కొంతమంది పిల్లల్ని తెచ్చి పెంచి చదివించింది. సెల్మాను నాలుగేళ్ళప్పుడు విమానం ఎక్కించారు. ఆమె పెరిగింది మా శిరీష ఇప్పుడు చదువుతున్న మాగ్డెబర్గ్ దగ్గర ఒక చిన్న ఊళ్ళో. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, ఇక్కడ తూర్పు జర్మనీ కూడా లేకుండా పోతున్నప్పుడు, పిల్లలందరినీ వెనక్కి పంపారు.

"మాకు తిండి పెట్టారు, చదువు చెప్పారు. నేను చెడ్డగా చెప్పను" అన్నది. "కాని తిరిగి వెళ్ళిన రోజు ఎయిర్‌పోర్టులో అమ్మ నాతో చాలాసేపు మాట్లాడింది. అప్పటికి మా భాషలో నాకు పాటలు రెండు వచ్చు, పేరు చెప్పడం వచ్చు. అంతే. అమ్మ ఏమన్నదో ఇప్పటికీ తెలియదు."

భాష ఎట్లా వచ్చిందని అడిగాను. రోటి దగ్గర వచ్చిందట. వాళ్ళమ్మ దంచుతూ రోకటి పోటుకు ఒక మాట చెప్పేది. ఎదురుగా రెండో రోకలి పట్టుకొని సెల్మా ఆ మాటను తిరిగి అనేది. గింజ, చేయి, నీళ్ళు, కూర్చో, తిను. నేను ముప్పై నాలుగేళ్ళకు అక్షరాలు దిద్దాను. ఆమె పదమూడేళ్ళకు తల్లి దగ్గర మాటలు దిద్దింది. 

తర్వాత నేను గిర్ని మాట ఎత్తాను. మా ఊళ్ళో గిర్ని పెట్టిన సంగతి, మా అమ్మ భుజం సంగతి చెప్పాను. సెల్మా వింటూ తలూపింది. కాని సంతోషం కనపడలేదు. పిండి సంచి మూతి కట్టుకుంటూ ఒక మాట అడిగింది.

"ఆ బొమ్మలో పిల్లను ఎందుకు పెట్టారు?"

జంట రోకళ్ళతో దంచితే పని తొందరగా సాగుతుంది కదా, అందుకే ఇద్దరిని గీయించామని చెప్పాను. ఆమె "ఓహో" అని ఊరుకుంది.

ఈ ఉద్యోగంలో నా చెవికి ఒక అలవాటు పట్టుకుంది. మనిషి ఒక ప్రశ్న అడిగి, జవాబు విని, ఇంకేదో అడగబోయి మానుకుంటే తెలిసిపోతుంది. మరునాడు ఆఫీసులో బిర్గిట్‌తో అన్నాను, శనివారం సంతకానికి ముందు ఊళ్ళో ఆడవాళ్ళతో ఒకసారి ఫోన్‌లో మాట్లాడదామని. బిర్గిట్ సరే అన్నది. సెల్మాకే నచ్చలేదు. వాళ్ళు గింజలు వేశారు, అందరూ చూశారు, మళ్ళీ అడిగితే మొదటి మాట నమ్మలేదనుకుంటారని వాదించింది. వాదిస్తున్నప్పుడు ఆమె గొంతు ఎప్పటిలా లేదు. నేను పట్టు వదల్లేదు. మళ్ళీ ఏం కావాలని అడగను, బొమ్మలో ఏం కనపడుతోందో మాత్రమే అడుగుతానని చెప్పాను. దానికి ఒప్పుకుంది.

శనివారం పొద్దున ఆఫీసు హాల్లో అయిదారుగురు సభ్యులు కూర్చున్నారు. గోడ మీద తెర, దానికి ఫోన్ కలిపారు. అవతల ఒక చెట్ల కొమ్మల పందిరి కింద సంఘం ఆడవాళ్ళు. సిగ్నల్ పోయి వచ్చి పోయి వచ్చి, చివరికి ముందు వరసలో ఒక ముసలామె ముఖం నిలిచింది. పేరు కౌనా. సెల్మా వాళ్ళమ్మతో శిబిరంలో కలిసి ఉన్న మనిషి. నా మనసులో అప్పటికప్పుడే కౌనమ్మ అయిపోయింది.

నేను రోలు కార్డు కెమెరా ముందు పట్టుకొని, ఇందులో ఏం జరుగుతోందో చెప్పమని అడిగాను. సెల్మా వాళ్ళ భాషలో అడిగింది. అవతల ఒకటే నవ్వు. కౌనమ్మ ఏదో అన్నది, నవ్వు ఇంకా పెరిగింది.

"అక్కడ కళ్ళద్దాలు దొరకవా, బొమ్మ మేం చూసి చెప్పాలా అంటోంది" అని సెల్మా చెప్పింది. మా కోశాధికారి ఫోగెల్ గారు తన కళ్ళద్దాలు తీసి తెరకు చూపించాడు. అవతల ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు.

తర్వాత ఒకరి మాట మీద ఒకరు చెప్పడం మొదలుపెట్టారు. సెల్మా వరసగా జర్మన్‌లో పెట్టింది. ఆమె తల్లి, ఇది కూతురు. పొద్దు వాలింది, బడి అయిపోయింది. పిల్ల ఇంటికి వచ్చి, గౌను మార్చుకొని తల్లి ఎదురుగా నిలబడింది. రోకలి పట్టడం ఇంకా చేతకాదు. తల్లి ఊరి సంగతులు చెప్తోంది, పిల్ల బడి సంగతులు చెప్తోంది. గిర్ని గురించి ఏమనుకుంటున్నారని బిర్గిట్ అడిగింది. రోడ్డు మీద దుకాణంలో ఒకటి ఉంది కదా, పెళ్ళిళ్ళకు అక్కడికే తీసుకుపోతాం, ఇంకొకటి వస్తే మంచిదే అన్నారు. వస్తే మంచిదే అని ఎవరైనా దేని గురించైనా అంటారు.

అప్పుడు నేను రెండో కార్డు, పెట్టె పట్టుకున్న పిల్లను చూపించాను. నవ్వులు ఆగిపోయాయి. కౌనమ్మ ముందుకు వంగింది. తొందర లేకుండా, ఒక్కో మాట నిలిపి చాలాసేపు మాట్లాడింది. మధ్యలో ఒకసారి వేలెత్తి తెరలోంచి సెల్మా వైపు చూపించింది. మాట అయిపోయాక ఒడిలో చేతులు పెట్టుకొని కూర్చుంది.

సెల్మా ఏమీ చెప్పలేదు.

బిర్గిట్ నా వైపు చూసింది. సిగ్నల్ పోయిందా అని ఫోగెల్ గారు మెల్లగా అడిగాడు. నేను తల అడ్డంగా ఊపాను. మౌనాన్ని ముట్టుకోకుండా ఉండటం నా పనిలో అన్నిటికన్నా కష్టమైన భాగం. నీళ్ళు ఇవ్వబుద్ధవుతుంది, చెయ్యి పట్టుకోబుద్ధవుతుంది, పోనీ వద్దులే అనబుద్ధవుతుంది. ఏది చేసినా ఆ మనిషి మాట మన చేతిలోకి వచ్చేస్తుంది. నేను కార్డు ఒడిలో పెట్టుకొని కూర్చున్నాను.

సెల్మా బల్ల మీద అరచేతులు పరిచి, వాటినే చూస్తూ చెప్పింది.

"ఆమె ఏమంటుందంటే, గింజను మొలవాలని వేస్తాం. కష్టం మీద గింజ వేస్తే కష్టమే మొలుస్తుంది. ఈ పిల్ల పెట్టె పట్టుకొని పోతోంది. పోయే పిల్ల మీద గింజ ఎవరు వేస్తారు? ఒకసారి ఒక పిల్లను పంపాం. మంచికే పంపాం, బతకాలని పంపాం. బతికింది, చదువుకుంది, తిరిగొచ్చింది. వచ్చి, తల్లి ముందు నిలబడి, ఆకలేస్తోందని చెప్పడానికి మాట లేక ఏడ్చింది. ఇంక ఎవర్నీ పంపం. చదువునే ఇటు పంపండి."

తల ఎత్తి, "ఆ పిల్లను నేనే" అన్నది.

బిర్గిట్ చెయ్యి చాపి సెల్మా చేతి పక్కన పెట్టింది. ముట్టుకోలేదు, పక్కన పెట్టింది. కాసేపటికి సెల్మానే ఆ చేతిని పట్టుకుంది.

నాకు మా నియమం గుర్తొచ్చింది. కష్టం గీయాలి, కష్టం ఉన్నవాళ్ళు దాని మీద గింజ వేస్తారు. సంగారెడ్డి పక్క ఊళ్ళలో అది చెల్లింది. అక్కడ గింజ అంటే ఓటు అని మేము ముందే పాటలు పాడి, ఆటలాడి నేర్పేవాళ్ళం. ఇక్కడ గింజ గింజగానే పోయింది. వాళ్ళు రైతులు. దేన్ని పెంచుకోవాలో దాని మీద చల్లారు. తల్లీ కూతుళ్ళు ఒకచోట ఉండటాన్ని చల్లుకున్నారు. మేము ఆ పంటకు గిర్ని అని పేరు పెట్టి కూర్చున్నాం.

ఆ తర్వాతి మాటలు పనిలో పడ్డాయి. పిల్లలు ఊళ్ళోనే ఉండి చదవాలంటే ఏం అడ్డమని బిర్గిట్ అడిగింది. జవాబు వరసగా వచ్చింది. ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి తెరవడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. గదులున్నాయి. టీచర్లకు జీతం ఇచ్చేది కూడా ప్రభుత్వమే. ఇద్దరు టీచర్లు వచ్చారు, నెల తిరగకుండా పోయారు. ఎందుకంటే ఆ ఊళ్ళో అద్దెకు ఇల్లు దొరకదు. ఎవరి ఆవరణలో వాళ్ళుండే ఊరు. పట్నం నుంచి వచ్చిన టీచరు రాత్రి పడుకోవడానికి తలుపున్న గది లేదు.

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, టీచర్ల సంగతి ప్రభుత్వానిది కదా, మీరు పంపిన బొమ్మల్లో అది లేదు కదా అన్నారు. మధ్య ఆదాయ దేశం అంటే ఏమిటో నాకు ఆ రోజు అర్థమైంది. అక్కడ అన్నీ లేకపోవడం ఉండదు. జీతం ఉంటుంది, గది ఉంటుంది, అనుమతి ఉంటుంది. వాటి మధ్య ఎక్కడో ఒక చిన్న ముక్క ఉండదు. ఆ ముక్క ఏదో దూరం నుంచి కనపడదు.

ఫోగెల్ గారు గట్టిగానే అడ్డం చెప్పాడు. అది ఆయన బాధ్యత. ప్రభుత్వం కట్టాల్సిన ఇల్లు మనం కడితే ప్రభుత్వానికి అది అలవాటైపోతుంది, పైగా ఇది విద్య కింద రాయాలా, గృహవసతి కింద రాయాలా అన్నాడు. సెల్మా ముక్కు తుడుచుకొని, మళ్ళీ కార్యదర్శి అయిపోయింది.

"ప్రభుత్వం కడుతుంది. వరసలో మా ఊరు చివర ఉంది. వరస మా దాకా వచ్చేసరికి ఇప్పుడు ఏడో క్లాసులో ఉన్న పిల్లలకు పిల్లలు పుడతారు" అన్నది. "ఇల్లు ప్రభుత్వానికి ఇవ్వకండి, సంఘానికి కట్టండి. టీచర్లు మాకు అద్దె ఇస్తారు. మీరు వెళ్ళిపోయాక సంఘం ఆ అద్దెతో నడుస్తుంది."

మా ఆయన అప్పటికే ఫోన్ చేసి, మేమే ఎప్పుడొస్తారు, అన్నం చల్లారిపోతున్నదని రెండుసార్లు అడిగాడు. సాయంత్రానికి ఒప్పందంలో గిర్ని కొట్టేసి, రెండు గదుల ఇల్లు అని రాశారు. ఏ పద్దు కింద రాయాలో తేలక, ఫోగెల్ గారే చివరికి విద్య అని రాశాడు.

ఇంటికి వస్తుంటే రైలులో సెల్మా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రెండు స్టేషన్లు దాటాక తనంతట తనే చెప్పింది.

"ఆ కార్డు మొదటిసారి చూసినప్పుడే నాకు అమ్మ కనపడింది. రోలు కాదు, అమ్మ. నాకు అట్లా కనపడింది కాబట్టే నేను నమ్మలేదు. వాళ్ళ మాట మోసుకొచ్చే మనిషిని నేను. అందులో నా మాట కలిసిపోతుందేమోనని భయం. నా భాష అరువు భాష కదా, మధ్యలో నేర్చుకున్నది."

"నాకు అక్షరాలు కూడా మధ్యలోనే వచ్చాయి" అన్నాను. "అయినా నా పేరు నేను రాసినప్పుడు అది నా పేరే కదా మెమె."

 దిగే ముందు నా చేతిసంచి తను పట్టుకుంది.

ఆ తర్వాత నేను పని చేసే తీరు మారింది. ఇప్పుడు ముందే గింజలు పంచను. కార్డు చేతికిచ్చి, ఇందులో ఏం జరుగుతోందో చెప్పమంటాను, చెప్పినంతసేపు వింటాను. అక్షరాలు రాని రోజుల్లో బొమ్మ ఒక్కటే నాకు ధైర్యం. బొమ్మ ఎవరికైనా ఒకేలా అర్థమవుతుందని నమ్మేదాన్ని. బొమ్మను కూడా చదవాలి. ఒక్కో ఊరు ఒక్కో రకంగా చదువుతుంది. ఊరి మాటను మోసే మనిషి ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. మోసేవాళ్ళకు తమ సొంత బరువు కూడా ఉంటుంది. దాన్ని దింపుకోవడానికి కొంచెం చోటు ఇవ్వడం కూడా మా పనిలో భాగమే. ఇవేవీ నేను పొందిన ఏ శిక్షణలోనూ చెప్పలేదు. చెప్పినా ఆ శనివారం ముందు నాకు ఎక్కేది కాదు.

ఇల్లు కట్టడానికి ఏడాది పట్టింది. అక్కడ బడులు జనవరిలో తెరుస్తారు. ఈ జనవరిలో ఇద్దరు టీచర్లు సామాను దింపుకున్నారని ఫొటో వచ్చింది. ఫిబ్రవరిలో సెల్మా ఒక వాయిస్ మెసేజ్ పంపింది. మొదట వాళ్ళ భాషలో చెప్పి, తర్వాత జర్మన్‌లో చెప్పింది. కౌనా మనవరాలు నిన్న ఎనిమిదో తరగతి నుంచి మధ్యాహ్నానికి ఇంటికి వచ్చింది, ఆకలేస్తోందన్నది అని.

సభ్యుల సమావేశంలో ఫలితాలు చెప్పాలి. దీన్ని ఎట్లా రాయమంటావని బిర్గిట్ నన్ను అడిగింది. ఉన్నదున్నట్టు చదవమన్నాను. ఆమె లేచి నిలబడి, సెల్మా పంపిన ఆ ఒక్క వాక్యం చదివి కూర్చుంది.